బొమ్మకు ప్రాణము పోయు విద్య – సత్యాసత్య విచారము

లేనిదానిని ఉన్నట్లు చూపి సొమ్ము గైకొనువానిని మోసగాడందుము. లేనిదానిని ఉన్నట్లు తెరమీద చూపి సొమ్ము గైకొనువానిని కళాకారుడందుము. ఈ రెండు మాటలను ఒకే నోట పలుకుచున్నాము గాని, రెంటికి నడుమ గీత ఎచ్చట ఉన్నదో నిలిచి విచారించుట అరుదు. సత్యమును వ్రతముగా చెప్పుకొను సంప్రదాయమున పుట్టినవారమగుటచే ఈ విచారము మనకు తగినదే యని తలంచి, మాకు తోచిన నాలుగు మాటలను పాఠకుల ముందుంచుచున్నాము.

ఈ ప్రశ్న మాకు గ్రంథములనుండి వచ్చినది కాదు. మా చెల్లెలి మనుమరాలు బెంగుళూరిలో యానిమేషన్, చలనచిత్ర నిర్మాణము నేర్పు కళాశాలలో చేరుటతో మా యింట పుట్టినది. మాది తరములుగా బళ్ళారిలో స్థిరపడిన తెలుగు కుటుంబము. 1953లో బళ్ళారి మైసూరు రాష్ట్రమున చేరినప్పుడు మా పెద్దలు ఇల్లు కదలలేదు. సరిహద్దు మాత్రము కదలెను. ఇంట తెలుగు, వీధిలో కన్నడము, బడిలో ఇంగ్లీషు – ఈ మూటి నడుమ పెరిగిన బాలిక బొమ్మలు గీయు చదువునకు పోదునన్నప్పుడు పెద్దలు మూడు ఆక్షేపణలు తెచ్చిరి. ఇది కూడు పెట్టునా యని ఒకరు. ఇది పిల్లల ఆట గదా యని మరియొకరు. మొదటి రెండును లౌకికములు. వానికి కాలమే సమాధానము చెప్పును. మూడవది ఇంటికి పెద్దయైన మా వదినగారు అన్న మాట: “జీవితమంతా అబద్ధాన్ని నిజంలాగ చూపించడమే నేర్చుకుంటుందా ఈ పిల్ల?” ఈ మాటకు ఎవ్వరును వెంటనే బదులు చెప్పలేకపోయిరి. అది బదులు చెప్పదగిన ప్రశ్న.

బదులు చెప్పుటకు ముందు ఆ విద్య ఎట్టిదో తెలిసికొనవలెను. యానిమేషన్ అను మాటకు మూలమైన లాటిను పదమునకు ఊపిరి, ప్రాణము అని యర్థము. మన దేవాలయములలో ప్రాణప్రతిష్ఠ యని వాడు మాటకు ఇది దూరపు చుట్టము వంటిది. ఇంత గొప్ప పేరుగల విద్యకు మొదటి పాఠము మాత్రము ఒక బంతి. పైనుండి పడి, నేలను తాకి, మరల లేచు బంతిని వరుస కాగితములపై గీయవలెను. అడుగున దీపము వెలుగు గాజుబల్లపై కాగితమును మేకులకు తగిలించి, క్రింది బొమ్మ లీలగా కనబడుచుండగా దానిపై మరియొక కాగితముంచి తరువాతి బొమ్మ గీయుదురు. సినిమా తెరపై సెకనుకు 24 చిత్రములు పోవును. ఒక్కొక్క బొమ్మను రెండుసార్లు తీసినచో సెకనుకు 12 బొమ్మలు చాలును.

చెప్పుటకు సులభముగనే ఉన్నది. కాని బంతుల మధ్య ఎడమును సమానముగా ఉంచినచో అది పడుచున్నట్లు కానరాదు. ఎవరో దారము కట్టి దించుచున్నట్లు కనబడును. పడుకొలది ఎడము పెరుగవలెను, లేచుకొలది తరుగవలెను, శిఖరమున బంతి తాను ఆలోచించుచున్నదా యన్నట్లు ఒక్క క్షణము జాగు చేయవలెను. రబ్బరు బంతి నేలను తాకునప్పుడు అణగవలెను. కాని ఎత్తు తగ్గినంత వెడల్పు పెరుగవలెను, లేనిచో బంతిలోని పదార్థము ఎచ్చటికో పోయినట్లుండును. అదే ఇనుపగుండైనచో ఆ అణకువ చెల్లదు. తన మొదటి బంతికి పదునొకండు దినములు పట్టినవని ఆ బాలిక సెలవులకు వచ్చినప్పుడు చెప్పినది. రెండవ పాఠము పిండిసంచి. కన్ను లేదు, ముక్కు లేదు, నోరు లేదు. ఉన్నవి నాలుగు మూలలు మాత్రమే. ఆ మూలల వంపులతోనే సంచి సంతోషించినట్లును, దుఃఖించినట్లును చూపవలెను.

మూడవ పాఠము మనుష్యుని నడక. దీనికి ఉపాధ్యాయుడు పుస్తకములను మూయించి, పిల్లలను కూరగాయల అంగడికి పంపెనట. ఆ బాలిక వరుసగా వారము దినములు తెల్లవారుజామున అచ్చట కూర్చుండి, మూటలు మోయు హమాలీలను చూచినది. వట్టి చేతులతో వచ్చునప్పుడు మనిషి తల అడుగడుగునకు లేచి దిగును. నెత్తిన బరువున్నప్పుడు తల దాదాపు కదలదు, అడుగులు చిన్నవగును, మోకాళ్లు ఎప్పుడును కొంచెము వంగియుండును, కదలిక యంతయు నడుమునకు దిగును. “తాతా, పుట్టినప్పట్నుంచి చూస్తున్నా గానీ, ఒక్కనాడూ చూడలేదు” అని ఆమె మాతో అన్న మాట మేము మరువలేదు. అబద్ధము నేర్పుదురని పెద్దలు భయపడిన బడిలో మొదటి సంవత్సరమంతయు నేర్పినది ఉన్నదానిని ఉన్నట్లు చూచుట.

ఇక ఈ మాయ ఎచ్చట జరుగుచున్నదో చూతము. కాగితముపై కదలిక లేదు. తెరపైనను లేదు, అచ్చట ఉన్నవి ఒకదాని వెంట ఒకటి వెలుగు నిశ్చల చిత్రములు. చూచిన బొమ్మ కంటిపొరపై కొంతసేపు నిలుచుటచేతనే కదలిక కనబడునని చాలకాలము చెప్పుచుండిరి. 1912లో మాక్స్ వెర్ట్‌హైమర్ అను మనశ్శాస్త్రవేత్త ప్రచురించిన పరిశోధన దృష్టిని కంటినుండి మనస్సునకు మరల్చినది. తగిన వ్యవధిలో రెండు చోట్ల రెండు గీతలను చూపినచో, మనస్సు వానిని రెండుగా తీసికొనక, ఒకటే గీత ఇటునుండి అటు పోయెనని గ్రహించును. అనగా కదలికను గీయువాడు గీయుట లేదు. చూచువాడే దానిని పూర్తి చేయుచున్నాడు. త్రాటిని చూచి పామని భ్రమించిన వాని కథ మన వేదాంతులకు మిక్కిలి ఇష్టమైన దృష్టాంతము. అచ్చట భ్రమించువాడు ఒంటరివాడు, భయపడినవాడు. ఇచ్చట చూచువాడు టిక్కెట్టు కొనుక్కొని, దీపము లార్పుమని కోరి, ఇష్టపూర్వకముగా భ్రమలో పాలుపంచుకొనుచున్నాడు. ఈ భేదము చిన్నది కాదు.

అదే 1912లో మన దేశమున దాదాసాహెబు ఫాల్కే ఒక కుండలో నాటిన బటానీ గింజ మొలకెత్తి పెరుగుటను దినదినము కొంచెము కొంచెముగా చిత్రించి, ఒక చిన్న సినిమాగా కూర్చెను. దానిని చూపియే తన పెద్ద చిత్రమునకు పెట్టుబడి పెట్టువారికి నమ్మకము కలిగించెను. అనేక దినముల పెరుగుదల క్షణములలో కనబడుట మాయయే. కాని ఆ మాయ అసత్యమును చెప్పలేదు. మొక్క నిజముగా అట్లే పెరిగినది. మన కన్నులకు ఓపిక చాలనందున కానరాని నిజమును అది కనబడునట్లు చేసినది. ఆయన 1913లో ప్రదర్శించిన పెద్ద చిత్రమునకు ఎన్నుకొన్న కథ హరిశ్చంద్రునిది. ఒక్క అబద్ధమాడనందుకు రాజ్యమును, ఆలుబిడ్డలను పోగొట్టుకొన్న వాని కథ, భ్రమయే ఆధారముగాగల సాధనముతో తెరకెక్కెను. అందు చంద్రమతి పాత్రను ధరించినవాడు పురుషుడు, అన్నా సాళుంకే. చూచినవారు తాము మోసపోయితిమని తలంచలేదు. ఎవరి సత్యమునకును భంగము కలుగలేదు.

మనవారికి ఇది కొత్తది కాదు. తోలుబొమ్మలాట ఎరిగిన జాతి మనది. మేకతోలును చెమడా తీసి, వెలుగు ప్రసరించునంత పలుచన చేసి, రంగులద్ది, కీళ్లవద్ద దారముతో కుట్టి, తెరవెనుక దీపమునకు పట్టి ఆడింతురు. అనంతపురము సీమలోని నిమ్మలకుంట ఈ పనికి పేరు పొందిన గ్రామము. ఆ గ్రామపు కళాకారుడు దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటింపబడెను. ఒడిశాలోని రావణఛాయలో బొమ్మలకు రంగును లేదు, కీళ్లును లేవు. నల్లని నీడయే సర్వస్వము. ఐనను రాముడు నడచుచున్నాడనియే చూపరులు తలంతురు. మన తోలుబొమ్మల వారిలో అనేకుల ఇంటిభాష మరాఠీ శాఖకు చెందిన ఆరె. తెర ముందు వారు పలుకునది తెలుగు. ఇంట ఒక భాష, వృత్తిలో ఒక భాషగా బ్రతుకు మనవంటివారికి ఇది తెలియని సంగతి కాదు. వారి తెలుగును అబద్ధపు తెలుగని ఎవరైన అనగలరా? తెల్లవారుదాక కేతిగాడు, బంగారక్క ఆడిన మాటలకు నవ్విన పల్లెలు అట్లు అనలేదు.

ఈ విచారమువలన మాకు తోచిన దేమనగా, మాయను కల్పించువాడు మువ్వురికి ఋణపడియుండును: చూచువానికి, చూపబడు వస్తువునకు, తోడుగా పనిచేసినవానికి. ఈ మూడు ఋణములను తీర్చిన మాయ అసత్యము కాదు. ఏ ఒక్కదానిని ఎగవేసినను ఆ మేరకు అది అసత్యమే యగును.

మొదటి ఋణము చూచువానికి. వానికి తాను చూచుచున్నది కల్పనయని తెలిసియుండవలెను. 1957 నాటి మాయాబజారులో లడ్డూలు తమంతట తామే లేచి ఘటోత్కచుని నోట పడుచున్నప్పుడు, ఎస్.వి. రంగారావుగారు నిజముగా మంత్రము వేసిరని చిన్నపిల్లలు తక్క ఎవ్వరును నమ్మలేదు. నమ్మకయే ఆనందించిరి. ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే ఆ చిత్రమున స్టూడియోలోనే వెన్నెలను సృష్టించెను. అది దొంగవెన్నెల యని ఎవ్వరును కేసు పెట్టలేదు. కాని నేడు అదే జాతి విద్యతో, బ్రతికియున్న మనిషి ముఖమును కంప్యూటరుతో కదల్చి, ఆతడు ఎన్నడు అనని మాటలు అన్నట్లు చేసి, వార్తయని పంచుచున్నారు. సాధనము ఒక్కటే, తేడా యెచ్చటనన, మొదటిదానిలో చూపరి అనుమతి కలదు, రెండవదానిలో అది దొంగిలింపబడినది. దోషము బొమ్మలో లేదు, బొమ్మకు తగిలించిన చీటిలో ఉన్నది.

రెండవ ఋణము వస్తువునకు. బరువు మోయువానిని బరువు లేనట్లు గీసినచో, చూపరికి తెలిసినను తెలియకున్నను, ఆ మోయువానికి అన్యాయము జరిగినట్లే. ముసలివారి నడకను నవ్వు పుట్టించుటకు మాత్రమే వాడుట, పల్లెవాని మాటను వెక్కిరింతగా మార్చుట ఈ తరగతివే. సరిహద్దు ప్రాంతముల తెలుగును సినిమాలలో హాస్యమునకు వాడుకొనగా విని, పిల్లల ముందు మాటాడుటకు సంకోచించిన పెద్దలను మేము ఎరుగుదుము. అది కల్పనయే, చూపరికి తెలిసిన కల్పనయే. ఐనను అసత్యమే, ఏలయన చూపబడినవానిని సరిగా చూడనేలేదు.

మూడవ ఋణము తోడివానికి. ఈ విద్యలో ముఖ్య భంగిమలను గీయువాడొకడు, ఆ భంగిమల నడుమ బొమ్మలను పూరించువారు పలువురు. ముగ్గులో చుక్కలు పెట్టుట మొదటివాని పని, గీత కలుపుట రెండవవారిది. గీత లేని చుక్కలు ముగ్గు కానేరవు. ఐనను పేరు చుక్కలవానికే దక్కును. 1937లో అమెరికాలో విడుదలయైన డిస్నీవారి స్నో వైటు చిత్రమునకు వేలకొలది బొమ్మలను పారదర్శకపు పలకలపై సిరాతో దిద్ది రంగులు నింపిన స్త్రీలలో అనేకుల పేరు తెరపై కానరాదు. 1941లో ఆ స్టూడియో చిత్రకారులు సమ్మె చేసినప్పుడు చేసిన ఫిర్యాదులలో తెరపై పేరు వేయకపోవుటయు ఒకటి. మన ఫాల్కేగారి భార్య సరస్వతీబాయి ఫిల్మునకు రంధ్రములు వేయుటలో తోడ్పడి, పనివారందరికి వంటయు చేసినది; ఆమె పేరు ఎరిగినవారు ఎందరు? పని చేసినవాని పేరు దాచి దానిని మరియొకరి పనిగా చూపుట, బొమ్మ చేయు మాయకంటె వేరైన మాయ. దానికి ఏ చూపరియు అనుమతి ఈయలేదు.

ఇంతవరకు చెప్పినది సిద్ధాంతము. ఈ మూడవ ఋణము మా బాలికకు ఎట్లు ఎదురుపడినదో చెప్పవలెను. సిద్ధాంతమునకు వెల కట్టునది ఆచరణమే గదా.

మూడవ సంవత్సరమున ప్రతి విద్యార్థియు రెండు నిమిషముల చిత్రమును తానే తయారు చేయవలెను. ఆమె ఎన్నుకొన్న విషయము మా చెల్లెలే. తెల్లవారుజామున అవ్వ వాకిట ముగ్గు వేయుచు తనలో తాను మాటాడుకొనుట – ఇంతియే కథ. రెండు నిమిషములనగా 120 సెకనులు. సెకనుకు 12 చొప్పున 1,440 బొమ్మలు. అవ్వ మాటలను మొదట ఫోనులో ముద్రించుకొనినది. తరువాత ఆ ధ్వనికి తగినట్లు పెదవుల కదలిక గీయవలెను. బడిలో ఇచ్చిన నోటి ఆకృతుల పట్టిక ఇంగ్లీషు పలుకుబడికి చేసినది. అది అవ్వ నోటికి సరిపడలేదు. ప, బ, మ లకు పెదవులు మూతపడుట అన్ని భాషలకు ఒకటే. కాని ఇంగ్లీషు మాటలు పెక్కు హల్లుతో ముగియును. మన మాటలు చాలవరకు అచ్చుతో ముగియును. మాట ముగిసిన చోట అవ్వ నోరు తెరచియుండును. పట్టిక ప్రకారము గీసినప్పుడు అవ్వ తెలుగు మాటాడుచున్నట్లు గాక, ఏదో మింగుచున్నట్లుండెనట. అందుచే బాలిక సంక్రాంతి సెలవులలో వచ్చి, అవ్వ యెదుట అద్దమొకటి పెట్టుకొని కూర్చుండి, ఆమె పలికిన ప్రతి మాటను తానును పలికి, రెండు నోళ్లను సరిపోల్చి గీసికొనినది. “ఏమే పాపా, పండ్లు లేని నా మూతిని అట్ల చూస్తావేమే?” అని అవ్వ కసరుచుండెను. అంతవరకు సగము కన్నడములో బదులు పలుకు పిల్ల ఆ పదునైదు దినములలో అవ్వ మాటలను పొల్లుపోకుండ నేర్చినది. ఎన్నో సభలలో మనము మాతృభాషాభిమానమును గురించి ఉపన్యాసములు విన్నాము. పెదవులను చూచి నేర్చిన భాష అంతకంటె లోతుగా దిగునని మాకు తోచెను.

పని చాల ఎక్కువయ్యెను. నడుమ పదునైదు దినములు జ్వరము వచ్చెను. గడువు సమీపించునప్పటికి 312 బొమ్మలు మిగిలియుండెను. రెండు ముఖ్య భంగిమలను ఇచ్చినచో నడిమి బొమ్మలను తానే పూరించు కంప్యూటరు సాధనములు నేడు కలవు. ఆ 312 బొమ్మలను ఆమె అట్లు పూరించినది. చిత్రముతోబాటు ఈయవలసిన పత్రములో ‘ఇందలి బొమ్మలన్నియు నా చేతితో గీసినవి’ అని సంతకము చేయవలెను. తరగతిలో చాలమంది అట్లే చేసి సంతకము పెట్టిరట. వాళ్ల చిన్నాయన ఫోనులో, “ఎవరికి తెలుస్తుందమ్మా? అందరూ చేసేదే కదా!” అనెను. ఆ మాటలో చెడుబుద్ధి లేదు. ఆమెకు వచ్చు విద్యార్థివేతనము మార్కులపై ఆధారపడియున్నది, ఇల్లు గడుచుట కష్టముగా ఉన్నది.

ఆమె ఆ వాక్యమును కొట్టివేసి, 1,128 బొమ్మలు తానును, 312 బొమ్మలు యంత్రమును చేసినవనియు, రంగులు నింపుటలో తోటి విద్యార్థిని సాయపడినదనియు వ్రాసి సంతకము చేసినది. నిబంధన ప్రకారము మార్కులు తగ్గెను. వేతనము నిలిచిపోయెను. ఆమె తండ్రి అప్పు చేయవలసివచ్చెను. నిజము చెప్పినందుకు ఎవ్వరును పూలదండ వేయలేదు. అట్లే సంతకము చేసిన తోటివారికి ఏ కీడును కలుగలేదు. ఇది జరిగినది జరిగినట్లు చెప్పుచున్నాము.

ఆమె చేసినది ఉచితమా యని మా యింట నెలలు చర్చ జరిగెను. ఒకరి వాదము: యంత్రమునకు పేరు లేదు, ఆశ లేదు, ఆకలి లేదు, దానికి ఋణపడుట యేమి? గాజుబల్లకును పెన్సిలుకును కృతజ్ఞతలు వ్రాయుదుమా? ఈ వాదము తోసివేయదగినది కాదు. మరియొకరి వాదము: ఆ నిబంధనయే పాతబడినది, రేపు ఉద్యోగమునకు పోయినచోట యంత్రమును వాడుమనియే చెప్పుదురు, పాత నిబంధనకై అప్పు తెచ్చుకొనుట వివేకమా?

మాకు తోచిన సమాధానము మా వృత్తినుండి వచ్చినది. కార్యాలయమున ఏండ్ల తరబడి ఇతరులు వ్రాసిన కాగితములకు నకళ్లు తీసినవారము మేము. నకలు తీయుట అబద్ధము కాదు. అక్షరము పోకుండ తీసిన నకలుపై ‘అసలునకు సరియైన నకలు’ అని వ్రాసి, అధికారి సంతకమును, ముద్రను వేయింతుము. ఆ ముద్రతో అది న్యాయస్థానమున చెల్లును. అదే కాగితమును ముద్ర లేక అసలని చూపినచో, అక్షరములన్నియు సరిగానే ఉన్నను, అది నేరమగును. కాగితము మారలేదు, దానిని గురించి చెప్పిన మాట మారినది. యంత్రమును వాడుట తప్పా యన్నది వేరు ప్రశ్న. యంత్రము చేసినదానిని నా చేయి చేసినదని సంతకము చేయుట తప్పా యన్నది వేరు ప్రశ్న. మొదటిదానికి కాలమునుబట్టి, నిబంధననుబట్టి బదులు మారవచ్చును. రెండవదానికి మారదు. నిబంధన పాతబడినచో దానిని మార్చుమని అడుగుట న్యాయము. ఆమె కొట్టివేసిన వాక్యము ఒక విధముగా ఆ అడుగుటయే. ఇక యంత్రమునకు ఋణమేమి యందురా? ఋణము యంత్రమునకు కాదు. పదునొకండు దినములు బంతి గీసి, నిజముగా 1,440 బొమ్మలు చేతితో గీసిన మరియొక విద్యార్థి ఆ తరగతిలో ఉండవచ్చును. ఋణము ఆ విద్యార్థికి.

దీనికి చిన్న తరువాయి కలదు. పరీక్ష ముగిసిన పిదప ఆమె ఆ 312 బొమ్మలను మరల చూచినది. సంఖ్య వ్రాసియుంచుకొన్నందున ఏవి యంత్రమువో, ఏవి తనవో ఆమెకు తెలియును. యంత్రము అవ్వ చేతిని ఒక చుక్కనుండి మరియొక చుక్కకు ఒకే వేగమున నడపినది. నిజమునకు అవ్వ చేయి చుక్కకు ముందు నెమ్మదించును, వ్రేళ్లు పిండిని కొంచెము నొక్కును, చుక్క దాటగానే గీత వడిగా జారును. ముగ్గంతయు ఆ నొక్కుడులోనే ఉన్నది. అట్టి చోట్ల 94 బొమ్మలను ఆమె మరల తన చేతితో గీసినది. మార్కులు అప్పటికే వేసియుండెను గనుక వానికొరకు కాదు. తక్కిన 218 బాగుగనే ఉన్నవని అట్లే ఉంచినది. యంత్రము చేసినంత మాత్రమున చెడ్డది కాదు, చేయి చేసినంత మాత్రమున మంచిది కాదు. కాని ఎవరు ఏమి చేసిరో దాచినచోట, ఏది మంచిదో ఏది చెడ్డదో కనుగొను మార్గము కూడ మూసికొనిపోవును. మూడవ ఋణము తీర్చుటచేతనే ఆమెకు రెండవ ఋణము కనబడినది. సత్యమునకు ఇది పుణ్యలోకముల ఫలము కాకపోవచ్చును. పనివానికి ఉపయోగించు ఫలము.

మా వదినగారి ప్రశ్నకు ఇప్పుడు బదులు చెప్పవచ్చును. ఆ పిల్ల అబద్ధమును నిజమువలె చూపుట నేర్చుకొనుట లేదు. నిజమును నిలిచి చూచి, అది లేనిచోట దాని నడకను కల్పించి, కల్పించితినని ఒప్పుకొనుట నేర్చుకొనుచున్నది. ఈ మూటిలో ఏది తప్పినను వదినగారి భయము నిజమగును. కావున ఆమె ప్రశ్నను మరచిపోరాదనియు చెప్పుచున్నాము. ఈ విద్యకు పోవు ప్రతి బిడ్డను ఇంటి పెద్ద ఒకరు ఆ ప్రశ్న అడుగుచుండుట మేలు.

పరరాష్ట్రములలో తరములుగా నిలిచిన మన కుటుంబములకు ఇందు విశేషించి గ్రహింపదగినది ఒకటి కలదు. మన పెద్దలు బ్రతికిన తెలుగును, మన పిల్లలు బ్రతుకు కొత్త లోకమును రెండు ముఖ్య భంగిమలు అనుకొందము. నడిమి బొమ్మలు మనమే. మన పేరు ఏ తెరపైనను పడకపోవచ్చును. కాని నడిమి బొమ్మ ఒక్కటి లోపించినను చూపరికి కుదుపు తెలియును. అంతవరకు నడచుచున్న బొమ్మ ఎగిరిపడినట్లుండును. కావున ఇంట అవ్వలు, తాతలు మాటాడుచుండగా పిల్లలు వారి నోటివైపు చూచునట్లు చేయుదము. బొమ్మలు గీయుదునను బిడ్డ మన యింట ఉన్నచో జీతమెంత యని అడుగుటకు ముందు మరి మూడు ప్రశ్నలు అడుగుదము: చూచువానికి నిజము చెప్పితివా? గీసినదానిని సరిగా చూచితివా? తోడుపడినవాని పేరు వ్రాసితివా? ఈ మూటికి అవునని చెప్పగల బిడ్డ ఏ విద్య నేర్చినను పెద్దలు భయపడనక్కరలేదు.